బావగారి బొమ్మల తోట

మా బావగారితో రైలెక్కకండి. సామర్లకోట వచ్చిందంటే మనల్ని కాఫీ తాగనివ్వరు. "రాక్స్‌బర్గ్ దొర మొక్కలు పెంచిందీ, మనవాళ్ల చేత బొమ్మలు వేయించిందీ ఇక్కడేనోయ్!" అంటూ కిటికీ ఊచల్లోంచి వేలు చూపిస్తారు. మనకు కనబడేది సమోసాల బండి. రైలు కదిలాక రెండో అంకం: ఆ దొర పుస్తకం 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' లండన్లో 1795 నుంచి 1820 దాకా 3 సంపుటాలుగా వచ్చిందట, 300 బొమ్మలకూ చేత్తోనే రంగులద్దారట. "అట్ట మీద దొర పేరుంది, బొమ్మ వేసినవాడి పేరేదీ?" అని అనకాపల్లి దాకా బాధపడతారు. న్యాయమైన బాధే. కాఫీ సంగతే అన్యాయం.

అది కొనే తాహతు ఆయనకెక్కడిది? ఆయన ఆస్తి రాబర్ట్ వైట్ అనే మరో దొర మద్రాసులో అచ్చువేయించిన మొక్కల బొమ్మల పుస్తకం 'ఐకోన్స్'లో విడి సంపుటం ఒక్కటి. దానికి బొమ్మలు వేసింది రంగయ్య, గోవిందు. గోవిందు పేరును వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి పెట్టాడని చెప్పేటప్పుడు బావగారు తమకే బిరుదొచ్చినట్టు కండువా సర్దుకుంటారు.

ఇక దర్శనం. చేతులు కడుక్కోవాలి, తుడుచుకోవాలి, ఆరబెట్టుకోవాలి. పేజీలు రెపరెపలాడతాయని మే నెలలోనూ ఫ్యాన్ ఆపేస్తారు. పేజీ ఆయనే తిప్పుతారు. "పెళ్లయిన కొత్తలో నా చెయ్యైనా అంత మెత్తగా పట్టుకోలేదు" అంటుంది మా అక్కయ్య. కాకినాడ ఉప్పుగాలికి కాగితం చెమ్మగిల్లుతుందని, బంధువుల్లో ఎవరు కొత్త చెప్పులు కొన్నా డబ్బాలోని తేమ పీల్చే పొట్లం ఆయనకు చేరాల్సిందే. చెప్పులు బాగున్నాయా అని మాత్రం అడగరు.

పెరట్లో మొలిచిన నేల ఉసిరిని కలుపని పీకేసి, లోపలికొచ్చి అలాంటి ఆకు బొమ్మకే భూతద్దం పెట్టి కళ్లు తుడుచుకుంటారు. ఇవన్నీ ఇంటర్నెట్లో ఉచితంగా చూడొచ్చు కదా అంటే, "అందులో పురుగు తిన్న చిల్లులు చేతికి తగులుతాయా?" అని నన్నే నిలదీశారు.

పాత పుస్తకాలను కోసి, బొమ్మలకు ఫ్రేములు కట్టి అమ్మేవాళ్లు ఆయన దృష్టిలో కసాయివాళ్లు. మరి హాల్లో గోడ మీద ఫ్రేములో ఉన్న మోదుగ పువ్వు, ఓ అంచున బ్లేడు గాటుతో, ఎక్కడిది బావగారూ?

"అది అనాథ. చేరదీశాను."

మీ అటక మీద ఇలాంటి పాత మొక్కల బొమ్మల పుస్తకం ఏదైనా బయటపడితే దయచేసి ఆయనకు కబురు పెట్టకండి. నేనుండేది వాళ్లింటికి రెండు వీధుల అవతలే.