సస్పెన్స్ ఖాతా లేని లెక్క

మా బావమరిది అకౌంట్స్ మనిషి. పద్దుల్లో రెండు వైపులా కలవకపోతే, ఆ తేడా కాస్తా ‘సస్పెన్స్ ఖాతా’లో పడేసి, హాయిగా క్యారేజీ విప్పుకుని భోంచేయగల నిబ్బరం ఉన్నవాడు. వాళ్లబ్బాయి పదో తరగతికొచ్చాడు. కెమిస్ట్రీ మేష్టారినైన పాపానికి, సమీకరణాలు తుల్యం చేయడం నేర్పే పని నా నెత్తిన పడింది.

“ఇందులో ఏముంది బావా! ఎడమ పక్క డెబిట్టు, కుడి పక్క క్రెడిట్టు. అంతేగా?” అంటూ తండ్రి కూడా కుర్చీ లాక్కున్నాడు.

అంతే. కాకపోతే మా దగ్గర ‘ఇతర ఖర్చులు’ అనే గడి ఉండదు. బాణానికి అటు ఎన్ని పరమాణువులుంటే ఇటూ అన్నే తేలాలి. దీన్నే ద్రవ్య నిత్యత్వ నియమం అంటాం.

ముందుగా హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే లెక్క ఇచ్చాను. ఎడమ పక్క ఆక్సిజన్లు రెండు, కుడి పక్క ఒకటే. వాడు తల గోక్కున్నాడు, పెన్సిల్ కొరికాడు, చివరికి ‘హెచ్‌టూఓ’ పక్కన దిగువన బుల్లి రెండంకె ఒకటి తగిలించాడు.

“కలిసింది మామయ్యా!”

“నా కొడుకనిపించావురా!” అన్నాడు తండ్రి.

కలిసిన మాట నిజమే. మంచినీళ్లు మాత్రం హైడ్రోజన్ పెరాక్సైడ్ అయి కూర్చున్నాయి. అది పుండు కడుక్కోడానికి పనికొస్తుంది, జుట్టు రంగు పోగొట్టుకోడానికి పనికొస్తుంది. దాహానికి తాగితే పద్దు నిలుస్తుంది, మనిషి నిలవడు. ఫార్ములాలో కింది అంకె ఆ పదార్థం పుట్టుక, దాని జోలికి పోకూడదు. ముందుండే గుణకం ఒక్కటే మన చేతిలోది. రెండు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్, రెండు నీళ్లు. అంతటితో సరి.

“మరి వీడి పుస్తకంలో ఈ స్టాయికియోమెట్రీ దేనికి బావా?” అన్నాడు మా బావమరిది. ఏ పదార్థం ఎంత వాడితే ఏది ఎంత వస్తుందో తేల్చే లెక్కకి రిక్టర్ అనే జర్మన్ రసాయనవేత్త 1792లో ఈ పేరు పెట్టాడు. చూపిస్తాను రమ్మని ఇద్దర్నీ వంటింట్లోకి తీసుకెళ్లాను.

సిలిండర్‌లో గ్యాసు 14.2 కిలోలు. అందులో ప్రొపేన్, బ్యూటేన్ కలిసే ఉంటాయిగానీ, లెక్క తేలికవడానికి అంతా బ్యూటేనే అనుకోమన్నాను. ముందు కార్బన్, తర్వాత హైడ్రోజన్, ఆఖర్న ఆక్సిజన్ చూసుకుంటూ వస్తే ఒక బ్యూటేన్ అణువు మండడానికి ఆరున్నర ఆక్సిజన్ అణువులు కావాలి. అర అణువు ఏ కొట్లోనూ అమ్మరు కాబట్టి అన్నిటినీ రెట్టింపు చేస్తే సరి: రెండు బ్యూటేన్, 13 ఆక్సిజన్. వచ్చేవి 8 కార్బన్ డయాక్సైడ్, 10 నీళ్లు. గ్రాముల్లోకి మారిస్తే 116కి 416 కలిపి 532. అవతల 352, 180. అదీ 532. ఒక్క గ్రాము అటూ ఇటూ కాలేదు.

ఆ లెక్కన సిలిండర్ అయిపోయేసరికి దాదాపు 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 లీటర్ల నీళ్లు ఆవిరిగా మా వంటింటి కిటికీలోంచి వెళ్లిపోతాయి.

“కొన్నది పద్నాలుగైతే పోయింది అరవై అయిదా!” మా బావమరిదిలోని ఆడిటర్ ఉలిక్కిపడి లేచాడు.

ఇంతలో పప్పు పొంగి బర్నర్ మీద పడింది. మంట పచ్చబారి, గిన్నె అడుగున మసి పట్టసాగింది. “ఏవండీ, గ్యాసు అయిపోవచ్చినట్టుంది, బుక్ చేయండి” అంది మా ఆవిడ. సిలిండర్ వచ్చింది మొన్ననే. కన్నాలు పూడి గాలి సరిగా కలవడం లేదు, అంతే. ఇక్కడ కొరత పడ్డది ఆక్సిజన్. పుస్తకంలో పరిమిత కారకం అంటారే, అది ఇదే. అది చాలకపోతే కార్బన్ పూర్తిగా మండక మసిగానూ, ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్‌గానూ తేలుతుంది. ఈ ఉపన్యాసమంతా విని మా ఆవిడ పాత టూత్‌బ్రష్ నా చేతికిచ్చింది.

నేను బర్నర్ తోముతుంటే మా బావమరిది ఇంకా వేళ్లు మడుస్తూనే ఉన్నాడు. “అయితే బావా, గాల్లోంచి వచ్చిన ఆ మిగతా 51 కిలోల ఆక్సిజన్‌కి బిల్లు లేదా? పన్ను లేదా?”

లేదు. తూకాలతో ద్రవ్య నిత్యత్వ నియమాన్ని నిలబెట్టి, 1789లో పుస్తకమే రాసిన లెవోయిజర్ ఫ్రాన్సు రాజుగారి పన్నులు వసూలు చేసే సంస్థలో వాటాదారు. ఆ వాటా పుణ్యమానే 1794లో విప్లవకారులు ఆయన తల తీశారు. ఉప్పు మీదా, పొగాకు మీదా పన్ను పిండిన ఆ పెద్దమనిషే ఆక్సిజన్‌కి పేరు పెట్టాడు. ఎదురుగా పెట్టుకుని తూచాడు కూడా. అయినా దాని మీద పన్ను వేయాలని ఆయనకైనా తట్టలేదు.

“నువ్వు మాత్రం ఈ మాట ఆఫీసులో ఎత్తకు” అన్నాను.