తాళం పెద్దమనిషి చైనా చదువు

తాళం పిచ్చి జాతి మనిషి జనగామలో ఉంటే స్టేషన్ దాకా వచ్చి, బండికి సిగ్నల్ పడ్డాక "తాళమేసిన్నా?" అని వెనక్కి ఉరుకుతాడు. మానుకోటలో ఉంటే బండెక్కి, కింది బెర్తు అడుగున కొక్కేనికి సూట్‌కేసును గొలుసుతో బిగించి, డోర్నకల్ దాకా దాన్నే చూస్తూ కూర్చుంటాడు. రైల్వే స్టేషన్ లేని భూపాలపల్లిలో అతనికి తీరికెక్కువ. చైనా చదువు అక్కడే మొదలైంది.

మన భూపాలపల్లి పెద్దాయన కేటీకే గనిలో చేసి దిగిపోయిన సింగరేణి కార్మికుడు. గ్యాసు పరీక్షించే మంటదీపానికి తాళమేసి మరీ గనిలోకి పంపేవారు. లోపల ఎవడన్నా విప్పితే పేలుడే. అసొంటి కొలువు చేసినాయన ఇంట్లో పప్పు డబ్బాకు తాళమేశాడంటే అర్థం చేసుకోవచ్చు. ఆ పప్పు ఎవరికీ అక్కర్లేదనుకోండి, అది వేరే సంగతి. తాళమేస్తాడు, గుంజుతాడు, నాలుగడుగులు పోయి మళ్లొచ్చి గుంజుతాడు. దొంగ చెయ్యి పడకుండానే ఎన్నో అలీగఢ్ కప్పలు ఆ గుంజుడుకే పాడైపోయాయి.

ఈ బాధ పడలేక కొడుకు వేలిముద్ర తాళం పంపాడు. అది ఇంగ్లీషులోనూ చైనా భాషలోనూ మాట్లాడుతుంది.

"ఇంగ్లీషు దొంగలకు గూడ అస్తది. చైనాదే పెట్టు" అన్నాడు పెద్దాయన.

ఇక అరుగు మీద ఫోన్ పట్టుకుని పాఠాలు. తాళమన్నా తాళమేయడమన్నా స్వో. తాళంచెవి యావ్‌ష. తలుపు మన్, మూస్తే గ్వాన్, తెరిస్తే ఖాయ్. పాస్‌వర్డు మీమా. "మీమా యాదిపెట్టుకో" అని చెబితే ఇంటావిడ "మా మామ ఎప్పుడో పాయె గదా!" అని కళ్లొత్తుకుంది. స్వో అనేటప్పుడు గొంతు ఫస్ట్ షిఫ్టు మనిషిలా కిందికి దిగి మళ్లీ పైకి రావాలి. ఆయనది దిగేది, ఎక్కేది కాదు.

చైనాలో పసిపిల్లల ఆయుష్షు జారిపోకుండా మెడలో చిన్న తాళం వేలాడదీస్తారు, ఛాంగ్‌మింగ్ స్వో అంటారు. అది తెలిసిన నాటి నుంచి మనవడికీ ఒకటి కావాల్సిందే. అవుసులాయన వెండితో ముచ్చటగా చేసిచ్చాడు. "దీని చెవేది? చెవి లేని తాళమేంది?" అని పెద్దాయన తిప్పి పంపాడు. పాపం అవుసులాయన దానికో ఉత్తుత్తి చెవి చేసిపెట్టాడు. పెద్దాయన దాన్ని బీరువాలో పెట్టి తాళమేశాడు.

కొన్నాళ్లకు తలుపు తీసినప్పుడల్లా తాళం ఒక కొత్తమాట చెప్పసాగింది: "త్యెన్‌ల్యాంగ్ పూత్జు." ఆ పాఠం ఇంకా రాలేదు. తనను మెచ్చుకుంటోందనుకుని పెద్దాయన "శ్యేశ్యే" అని దండం పెట్టేవాడు. బ్యాటరీ అయిపోతోందని అది మొత్తుకుంటోంది.

ఓ సాయంత్రం మొగుడూ పెళ్లాం ఇద్దరూ గడప బయట, తాళం గప్‌చుప్. అవసరానికని తాళంతోపాటు ఇచ్చిన అసలు చెవి లోపల బీరువాలో భద్రం. పక్కింటి పదో తరగతి పిలగాడొచ్చి తాళం అడుగున పవర్‌బ్యాంకు తీగ గుచ్చాడు. దానికి ప్రాణమొచ్చింది. పెద్దాయన అటు తిరగమని చెప్పేలోపే, అరుగు మీద రోజూ గట్టిగా వల్లించిన మీమాను వాడు పైకి చదువుతూ నొక్కేశాడు: "యీ, స్స, చ్యో, అర్."

తలుపు తెరుచుకుంది. ఇంటావిడ నోరు తెరిచింది. పెద్దాయన పిలగాడి భుజం మీద చెయ్యేశాడు.

"చ్యో అట్ల కాదు బిడ్డా, గొంతు దిగి లేవాలె. మళ్లొకసారి అను."