పాత పేట కావలెను

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మున్సిపాలిటీల వారికి ఇవ్వడానికి ఒక మహజరు రాసి పెట్టుకున్నాను. ఊరొదిలి వెళ్లిపోయినవాళ్లందరి తరఫున. సంతకాలకు కొదవలేదు, కూకట్‌పల్లి నుంచి డాలస్ దాకా మనవాళ్లే. అందరిదీ ఒకటే ఫిర్యాదు: మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా ఊరు మారిపోయింది.

మేం చెప్పా పెట్టకుండా పోలేదు. మళ్లీ వస్తామని చెప్పే బస్సెక్కాం. ఎప్పుడన్నది చెప్పలేదు, నిజమే. ఇన్నాళ్లకు సంక్రాంతికి కారేసుకుని, పంతంగి టోల్ దగ్గర కార్ల బారులో పడి లేచి, పిల్లలకు "ఇదేరా నాన్న పుట్టిన ఊరు" అని చూపిద్దామనుకుంటే కనిపించేదేమిటి? బైపాస్. దానికి రెండు పక్కలా హోటళ్లు. తెలుగువాళ్లలో సగం మందికి సూర్యాపేట అంటే హైదరాబాదుకూ విజయవాడకూ నడుమ బస్సు ఇరవై నిమిషాలు ఆగే చోటు. పిల్లలమర్రి గుళ్లూ, సాయుధ పోరాటమూ, రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరా, అన్నీ టీ తాగి టాయిలెట్‌కు వెళ్లొచ్చాక మిగిలిన టైములోనే చూసుకోవాలి.

బైపాస్ దిగి ఊళ్లోకి పోయాను. కోర్టు చౌరస్తాలో గల్వాన్‌లో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం. మహజరులో దాని జోలికి పోలేదు. ఊరు తన బిడ్డను తలుచుకోవడానికి మా అనుమతి అక్కర్లేదు.

మా ఇంటి సంగతి మాత్రం రాయక తప్పదు. అది ఉన్న చోట ఇప్పుడు నాలుగంతస్తుల ప్రైవేటు ఆసుపత్రి లేచింది. అమ్మ తులసికోట ఉన్నచోట ఎక్స్‌రే గది. నేను పుట్టిన మూలగదిలో లిఫ్టు. ఆ గదిలో నన్ను భూమ్మీద పడేసినందుకు మంత్రసానికి ఒక చీర, కుంచెడు వడ్లు ముట్టాయట. ఇప్పుడు అదే జాగాలో పుట్టాలంటే ప్యాకేజీ మాట్లాడుకోవాలి. రిసెప్షన్‌లో అమ్మాయి "ఎవరికి చూపించాలె సార్?" అని అడిగింది. నాకేనమ్మా, ఇల్లు చూపించు అందామనుకున్నా. ఓపీ చీటీ రాస్తుందని భయపడి ఊరుకున్నా.

ఆ ఇల్లు ఆసుపత్రికి అమ్మిందెవరు? మహజరులో ఆ ప్రశ్న లేదు. ఉండకూడదని సంతకాలు పెట్టినవాళ్లందరి ఏకగ్రీవ అభిప్రాయం.

2016 అక్టోబరు 11న, దసరా రోజు, సూర్యాపేట జిల్లా అయింది. అప్పటిదాకా ఈ మూడు ఊళ్లూ నల్లగొండ జిల్లా బిడ్డలే. వేరుపడ్డప్పుడు కోదాడ సూర్యాపేట వాటాకు వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండకే మిగిలి, తనకూ ఒక జిల్లా కావాలని అడుగుతూ ఉంది. ఆ దసరాకు మా వాట్సాప్ గ్రూపులో పండగే పండగ. గజం ధర ఎంతకు పోతుందో లెక్కగట్టిన మెసేజీ కింద నలభై దండాలు. వెంటనే "ఊరు ఊరు కాకుండా పోయెనే" అని ఒకాయన పెట్టిన కవిత కింద నలభై కన్నీళ్లు. లెక్క చూశాను. ఆ నలభై మందే.

ఇక సద్దుల చెరువు. దాన్ని మినీ ట్యాంక్‌బండ్ చేశారు. కట్ట మీద రెయిలింగు, లైట్లు, నడకదారి. చీకటిపడ్డాక ఆడవాళ్లు నలుగురైదుగురు గుంపుగా, చెప్పులు కాదు, బూట్లేసుకుని జోరుగా నడుస్తున్నారు. వాళ్లకు బాగానే ఉంది. మా జ్ఞాపకంలో ఆ టైముకు కట్ట మీద ఒక్క మనిషీ ఉండొద్దు కదా! మోకాటి లోతు బురద, తామరాకులు, ఒక బర్రె, బర్రె మీద ఒక కొంగ ఉండాలి. వీటిని యథాస్థానంలో పెట్టాలని కోరాం. బర్రె ఖర్చు భరించడానికి ఆస్ట్రేలియా మిత్రుడొకరు ముందుకొచ్చారు. పేడ ఎవరు ఎత్తాలన్నది తేలలేదు.

నీళ్ల పేరా రాసేటప్పుడు కొంచెం ఇబ్బంది పడ్డాను. "ఆ నీళ్ల రుచే వేరు" అని మావాళ్లు గట్టిగా రాయమన్నారు. వేరే, కాదనను. ఏళ్ల తరబడి పేట కొళాయిల్లోకి వచ్చింది సోలిపేట దగ్గరి ప్రాజెక్టులో ఆగిన మూసీ నీళ్లు. మూసీ ఎక్కణ్నుంచి వస్తుంది? హైదరాబాదు మీదుగా. అంటే మేం హైదరాబాదు పోయి అపార్టుమెంట్లలో స్థిరపడి, పొద్దున్నే లేచి వదిలిందంతా మూసీలో కలిసి, నిదానంగా నడిచి, మా అమ్మానాన్నల బిందెల్లోకి చేరింది. ఊరితో మేం తెంపుకోని బంధం ఇదొక్కటే. కృష్ణా నీళ్లు తెచ్చి ఆ కాస్త సంబంధాన్నీ తెంపేశారు. బావి నీళ్లన్నా తిరిగి ఇప్పించమని రాద్దామంటే, ఇది ఫ్లోరైడు నల్లగొండ. 1996లో ఆ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు, బ్యాలెట్టు కాగితం పుస్తకమంత అయింది. గెలవాలని కాదు, మా ఎముకలు వంగిపోతున్నాయి, తాగే నీళ్లివ్వండని దేశానికి చెప్పడానికి. బావి నీళ్ల వాక్యం కొట్టేశాను.

మిర్యాలగూడ మా అమ్మమ్మగారి ఊరు. అక్కడి ఫిర్యాదు వాసన గురించి. ఉప్పుడు బియ్యం ఉడికే ఆ పుల్లటి వాసన ఊరు ఇంకా రాకముందే పలకరిస్తుంది. దాబా మీద తెల్లచొక్కా ఆరేస్తే సాయంత్రానికి ఊక బూడిద పట్టి, ఉతికేముందు ఎట్లుందో అట్లే దిగొస్తుంది. సీజనొస్తే వడ్ల ట్రాక్టర్లు రోడ్డుకు ఒకవైపు బారులు తీరి, రైతులు వాటి కిందే చాపేసుకుని పడుకుంటారు. "పచ్చటి పొలాల నడుమ ప్రశాంతమైన ఊరు, మిల్లులు పెట్టి పాడుచేశారు" అని రాసి, మా తాత గుర్తొచ్చి ఆగిపోయాను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలేదాకా ఆ పచ్చటి పొలమంతా ఆముదాలూ జొన్నలూ పండిన మెట్ట. తాత చచ్చేదాకా తిట్టిన తిట్టు ఒకటే: "కాలువొచ్చి ఊరు చెడ్డది. అందరూ వరన్నం మరిగిండ్రు. గట్క తినేటోడు లేడు." ఆయన మహజరు మాకంటే ముందు వరసలో ఉంది. దాన్ని ఒప్పుకుంటే మేం చూసిన పచ్చదనమే ఉండదు. సీనియారిటీ గొడవ రాకుండా మిర్యాలగూడను వాయిదా వేశాం.

కోదాడలో మేనత్త ఉండేది. సినిమా మారితే చాలు, కొంగు దోపుకుని జగ్గయ్యపేట బస్సెక్కేది. 2014 జూన్ 2 తర్వాత ఆమె సినిమాకు పోవడం అంతర్రాష్ట్ర ప్రయాణమైంది. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పినా కొత్త సినిమా మానేది కాదు. 2021 మే నెలలో మాత్రం రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర ఆ గీత నిజంగానే గీత అయింది. ఆంధ్రా నుంచి కరోనా రోగులతో వచ్చిన అంబులెన్సులను ఆపేశారు, హైకోర్టు కలగజేసుకుంటే తప్ప దారి తెరుచుకోలేదు. వ్యంగ్యం రాసేవాడికి అక్కడ పని లేదు. మిగతా కోదాడంతా ర్యాంకుల ఫ్లెక్సీలు. అందులో నవ్వుతున్న పిల్లలందరూ రేపు మా మహజరులో సంతకం పెట్టబోయేవాళ్లే.

సరే, మున్సిపాలిటీలో ఇచ్చేముందు ఊళ్లో ఉన్నవాడు ఒకడు చూస్తే మంచిదని మా బావకు చూపించాను. మార్కెట్ యార్డు దగ్గర ఎరువుల దుకాణం. పేట వదలలేదు. ఒక్కో పేజీకీ వేలు తడి చేసుకుంటూ చివరిదాకా చదివి, కళ్లద్దాలు తీసి, "పాత పేట కావాల్నా బావా? గంతేనా? బండెక్కు" అన్నాడు.

కుడకుడ వైపు తీసుకుపోయాడు. కొత్త కాలనీలు. ఇంటి పక్కన ఇల్లు, నడుమ నడుమ ఖాళీ ప్లాట్లు. ఒక్కో ప్లాటు నిండా నిలువెత్తు సర్కారు తుమ్మ. లోపల మురుగు నిలిచి, ఆ మురుగులో పందులు సపరివారంగా సేద తీరుతున్నాయి. తుమ్మల్లోంచి ఒక రేకు బోర్డు తొంగి చూస్తోంది: 'ఈ స్థలము అమ్మబడదు.' కింద ప్లస్ వన్‌తో మొదలయ్యే ఫోన్ నంబరు.

"ఇది డాలసోళ్లది. అది న్యూజెర్సీ. ఆ మూలది గచ్చిబౌలి, వాళ్లు ఇంకా దగ్గర, రెండేండ్లకోపారి వచ్చి ఫోటో తీసుకొని పోతరు" బావ ఒక్కోటీ చూపిస్తున్నాడు. "ఒక్క మొక్క పీకలే, ఒక్క పంది కదలలే. మీరు ఎట్ల విడిచిపోయిన్రో గట్లనే ఉంచినం. ఇంకేం సంరక్షణ కావాలె?"

నాకు జవాబు దొరకలేదు. దోమలు మాత్రం దొరకబుచ్చుకున్నాయి.

"మొన్న వానకాలం కాలనీల ఇంటికొకరికి డెంగీ వచ్చింది. చందాలేసుకొని జేసీబీ పెట్టి రెండు ప్లాట్లు చదును చేపిస్తిమి. చేపించినంక ఓనరుకు ఫోన్ జేసి చెప్తే, 'నా ప్లాట్ల అడుగు పెట్టనీకె మీకెవరు చెప్పిన్రు, కేసు పెడ్త' అన్నడు. మీ కవితల గ్రూపుల గూడ ఉండొచ్చు ఆయన."

ఉన్నాడు. కవిత ఆయనదే.

బావ మహజరు మడిచి నాకివ్వలేదు, జేబులో పెట్టుకున్నాడు. "సంతకాల లిస్టు నా కాడ ఉండనీ. ప్లాట్ల నంబర్లతోటి కలిపి చూస్త. జేసీబీ పైసలు ఎవరెవరి నుంచి రావాల్నో తెలుస్తది."