చేతులు దులుపుకొనే శాస్త్రం: స్పామ్ ఫోల్డర్ అధ్యాయం

పరీక్షల హాల్‌టికెట్లు, కళాశాలల ప్రవేశ సూచనలు, బీమా రసీదులు, పన్ను తాఖీదులు దేనికది వేరే భాషలో మాట్లాడినా, వాటి అడుగున మాత్రం ఇప్పుడు ఒకే వాక్యం వేదాంతసారంలా వెలుగుతూ ఉంటుంది: "మా మెయిల్ కనబడకపోతే స్పామ్ ఫోల్డర్ చూసుకోగలరు." ఈ వాక్యాన్ని చాలాసార్లు ఆ మెయిల్‌లోపలే రాస్తారు గనుక, మెయిల్ స్పామ్‌లో పడినవాడికి స్పామ్ చూడమన్న సలహా కూడా స్పామ్‌లోనే పడి ఉంటుంది, సలహాను చదవగలిగినవాడికి దానితో పనే ఉండదు. ఇంత నిర్దుష్టంగా నిష్ప్రయోజకమైన వాక్యం పరిపాలనా భాషలో మరొకటి దొరకడం కష్టం. అయినా దాన్ని రాసే కార్యాలయానికి మాత్రం అది అపారంగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే అది రాసిన క్షణాన పంపినవాడి బాధ్యత తీరి, అందుకోవలసినవాడి నేరం మొదలవుతుంది.

స్పామ్ ఫోల్డర్ అంటే, వచ్చిన ఉత్తరాల్లో ఎవరూ కోరనివీ, అనుమానించదగినవీ అని మెయిల్ సంస్థ యంత్రం తేల్చినవాటిని విడిగా పడవేసే అర. 1978 మే నెలలో, అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో అమ్మకాలు చూసే గ్యారీ థ్యూర్క్, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి వారు అడగని ప్రకటనను ఒకేసారి పంపి స్పామ్ విద్యకు శ్రీకారం చుట్టాడు. 2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్, ఏ మాట ఏ రకం ఉత్తరాల్లో ఎంత తరచుగా వస్తుందో లెక్కగట్టి, దాన్నిబట్టి స్పామ్‌ను పోల్చుకునే పద్ధతికి ప్రచారం తెచ్చాడు. నేటి వడపోతలు మాటలతో ఆగక, పంపినవాడి గుర్తింపును, వాడి పూర్వచరిత్రను, చదివినవారి ఫిర్యాదులను కలిపి తూకం వేస్తాయి. జీమెయిల్‌లో ఈ అరలో పడిన ఉత్తరం 30 రోజుల తరువాత దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి, "చూసుకోగలరు" అన్న మర్యాదకు ఒక గడువు కూడా ఉంది; ఆ గడువు సంగతి మాత్రం అడుగున ఎవరూ రాయరు.

కోరిన ఉత్తరం ఆ అరలో పడకుండా చూసే పనిలో పెద్ద భాగం పంపేవాడిదేనని సాంకేతిక ప్రపంచం ఏనాడో తేల్చింది. ఫలానా సంస్థ పేరుతో ఉత్తరాలు పంపే అధికారం ఏయే సర్వర్లకు ఉందో, ఆ సంస్థ తన డొమైన్ (ఇంటర్నెట్‌లో దాని పేరు) వివరాల్లో బహిరంగంగా ప్రకటించే జాబితాను ఎస్‌పీఎఫ్ అంటారు; ఉత్తరం దారిలో మారలేదనీ, ఆ డొమైన్ నుంచే బయలుదేరిందనీ రుజువు చేసే గణిత సంతకాన్ని డీకిమ్ అంటారు; ఈ రెండింటిలో ఏ ఒక్కటీ 'నుంచి' అన్న చోట కనిపించే పేరుతో సరిపోలకపోతే ఆ ఉత్తరాన్ని ఏం చేయాలో అందుకునే సంస్థకు ముందే చెప్పే విధానాన్ని డీమార్క్ అంటారు. రోజుకు 5,000కు పైగా ఉత్తరాలను జీమెయిల్ ఖాతాలకు పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి అని, స్పామ్ అన్న ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని, ప్రచార ఉత్తరాలైతే ఒక్క నొక్కుతో వద్దనుకునే వీలు కల్పించాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది. యాహూ కూడా అదే దారి పట్టింది. డొమైన్ వివరాల్లో చేర్చవలసినవి కొద్దిపాటి పంక్తులు, అవి ఒకసారి సరిగా చేర్చితే చాలాకాలం పనిచేస్తాయి. ఇంత చిన్న పనికి మనిషిని పురమాయించడం కంటే, లక్షమంది చేత లక్ష స్పామ్ ఫోల్డర్లు వెతికించడమే పొదుపైన మార్గమని మన కార్యాలయాల అర్థశాస్త్రం కనిపెట్టింది.

ఈ శాస్త్రానికి ఒక మూఢాచార కాండ కూడా ఉంది. శీర్షికలో 'ఉచితం' అన్న మాట ఉండరాదనీ, ఆశ్చర్యార్థకం ఒకటికి మించరాదనీ, ఎర్ర అక్షరాలు అశుభమనీ ప్రచార విభాగాల పండితులు ఉపదేశిస్తుంటారు. మాటల లెక్కకు కొంత విలువ ఉన్నమాట నిజమే గాని, గుర్తింపు రుజువులేని డొమైన్ నుంచి, ఎప్పుడో ఎక్కడో కొన్న చిరునామాల జాబితాకు పంపిన ఉత్తరాన్ని మాటల మార్పు గట్టెక్కించడమంటే, టికెట్ లేని ప్రయాణికుడు మంచి ముహూర్తంలో రైలెక్కడంలాంటిదే. ఈ పండితులే మరొకవైపు 'బదులివ్వకండి' అన్న చిరునామా నుంచి ఉత్తరాలు పంపిస్తారు. చదివినవాడు బదులు రాయడం ఈ ఉత్తరం కోరినదేనని వడపోతకు తెలిపే మంచి సంకేతాల్లో ఒకటి కాబట్టి, ఆ తలుపును స్వయంగా మూసి గడియ పెట్టి, ఆ తరువాత ఇన్‌బాక్స్‌లో చోటు దొరకలేదని వాపోవడం ఈ కాండలోని పరాకాష్ఠ.

చట్టం కూడా ఈ శాస్త్రాన్ని చల్లగా చూసింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం, ఇరుపక్షాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, గ్రహీత తానుగా నిర్దేశించిన కంప్యూటర్ వనరులోకి ఉత్తరం ప్రవేశించిన సమయమే అది అందిన సమయం. ప్రవేశించింది ఏ అరలోకి అన్న పట్టింపు ఆ సెక్షన్ మాటల్లో లేదు. దానికి ముందున్న 12వ సెక్షన్, రసీదు అందితేనే ఈ ఉత్తరం చెల్లుతుందని పంపినవాడు షరతు పెట్టుకుంటే, రసీదు రానంతవరకు దాన్ని అసలు పంపనట్టే భావించాలని ఉదారమైన వీలు కల్పించింది. అయితే తన మెడకు తానే ఉచ్చు బిగించుకునే ఆ షరతు పట్ల కార్యాలయాలకు ఉత్సాహం తక్కువ. అడగని వాణిజ్య ఫోన్లకూ, ఎస్‌ఎంఎస్‌లకూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో నిబంధనలు చేసినా, ఇ-మెయిల్ వాటి పరిధిలోకి రాలేదు. మరోవైపు, సంతకం పెట్టించుకుని ఎకనాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగి తెచ్చే రిజిస్టర్డ్ పోస్టు, 2025లో వేరే సేవగా నిలవక స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.

ఈ శాస్త్రం ఫలితాలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మరింత పక్వంగా కనిపిస్తాయి. ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట ఊళ్ళ నుంచి హైదరాబాదుకో, చెన్నైకో, గల్ఫ్ దేశాలకో వలసపోయినవాడి ఇంటికి రిజిస్టరు ఉత్తరం వస్తే, మనిషి ఊళ్ళో లేడనీ, ఎక్కడున్నాడో ఎవరిని అడగాలో పోస్టుమ్యాన్‌కు తెలిసేది. సర్వర్‌కు ఆ పరిచయం లేదు. దరఖాస్తు పెట్టేనాడు నెట్ సెంటర్‌లో కుర్రాడే ఒక ఇ-మెయిల్ చిరునామా తయారుచేసి, పాస్‌వర్డు తన నోటుపుస్తకంలో రాసుకుంటాడు, లేదా తొందరలో తన చిరునామాయే ఇచ్చేస్తాడు. అభ్యర్థి అక్కడి నుంచి బయటికి వచ్చేసరికి, ఆ చిరునామా చట్టం దృష్టిలో అతడు నిర్దేశించిన కంప్యూటర్ వనరుగా స్థిరపడిపోతుంది. పలాసలో జీడిపప్పు వ్యాపారి సంగతీ అంతే: 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 282వ సెక్షన్ ఎలక్ట్రానిక్ తాఖీదులకు దారి తెరిచింది, 2020 నుంచి పన్ను నిర్ధారణ అధికారి ముఖం చూడనవసరం లేని విధానంలోకి మారింది, రిటర్నులో రాసిన చిరునామా మాత్రం చాలాసార్లు లెక్కలు చూసే గుమాస్తాదో ఆడిటరుదో అయి ఉంటుంది. ముఖం చూడని అధికారి, వ్యాపారిది కాని చిరునామాకు, యంత్రం నమ్మని ఉత్తరం పంపగా, వ్యాపారి నిర్లక్ష్యం వహించినట్టు రికార్డులకు ఎక్కుతుంది.

ఇందులో హాస్యానికి లొంగని భాగం ఒకటుంది. స్పామ్ అర మోసగాళ్ళను నిలిపి ఉంచే బందెలదొడ్డి. పౌరులను పదేపదే అందులోకి దిగి వెతకమనడం, దొరికినదానిపై 'స్పామ్ కాదు' అని నొక్కమనడం, వారిని మోసగాడికి పరిచయం చేసి చెయ్యి కలపమనడమే. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ నాటకం 'కన్యాశుల్కం' చూసినవారికి ఈ ప్రమాదం కొత్తగా చెప్పనక్కరలేదు. అందులోని మాయగాడు గిరీశం పేరు మార్చుకోలేదు, వేషం మార్చలేదు, శిష్యుడు వెంకటేశం పూచీతో దర్జాగా కృష్ణరాయపురం అగ్రహారంలో అడుగుపెట్టాడు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటిలోనూ నిక్షేపంగా ఉత్తీర్ణుడయ్యేవాడు. ఆ పరీక్షలు వచ్చినవాడు గిరీశమేనని చెబుతాయి గాని, పూటకూళ్ళమ్మకు బాకీ ఎగ్గొట్టి వచ్చాడని చెప్పలేవు. ఆ పని పూర్వచరిత్రను తవ్వే వడపోతది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా మానవ అక్రమ రవాణా కేసులో, డేటా ఎంట్రీ కొలువుల ఆశ చూపి ఉత్తరాంధ్ర యువకులను తీసుకుపోయి వారిచేతే సైబర్ మోసాలు చేయించారు. అక్కడ ఎర ఏజెంట్ల నోట వచ్చింది. అదే ఎర మెయిల్‌గా వస్తే దాన్ని ఆపడానికి ఉన్న ఆఖరి గేటు స్పామ్ అరే. ఆ గేటును తెరిచి చూసే అలవాటును, కొలువు కోసం ఎదురుచూసే యువతకు నిజమైన కార్యాలయాలే నేర్పుతున్నాయి.

పాఠకుడు చేయగలిగింది కొంత ఉంది. ఎదురుచూస్తున్న సంస్థ చిరునామాను ముందే కాంటాక్ట్స్‌లో చేర్చుకోవచ్చు. ఆ చిరునామా నుంచి వచ్చినదాన్ని ఎన్నడూ స్పామ్‌కు పంపవద్దని జీమెయిల్‌లో ఫిల్టర్ పెట్టుకోవచ్చు. దరఖాస్తులో నెట్ సెంటర్ చిరునామా కాక తన సొంత చిరునామా రాయించి, పాస్‌వర్డును తన దగ్గరే ఉంచుకోవచ్చు. స్పామ్‌లో దొరికిన ఉత్తరంలోని లింకును నొక్కకుండా, ఆ సంస్థ అధికారిక వెబ్‌సైటులో విషయాన్ని సరిచూసుకోవచ్చు. ఇవన్నీ జాగ్రత్తలు మాత్రమే, పంపినవాడి విధికి ప్రత్యామ్నాయాలు కావు. తన డొమైన్‌కు గుర్తింపు రుజువులు చేర్చని, ముఖ్యమైన తాఖీదుకు తోడుగా ఒక ఎస్‌ఎంఎస్ అయినా పంపని, రసీదు అడగని కార్యాలయం ఉత్తరం పంపినట్టు కాదు, పంపినట్టు కాగితం సృష్టించుకున్నట్టు. అలాంటి కార్యాలయానికి "స్పామ్ ఫోల్డర్ చూసుకోగలరు" అని రాసే అర్హత లేదు. ఆ వాక్యం కనిపించిన ప్రతిచోటా పౌరుడు "మీ డీమార్క్ చూసుకోగలరు" అని తిరిగి రాయాలి, బదులివ్వకండి అన్న చిరునామాకు కాదు, పై అధికారికి.