నేను నడక బండిని

నాకు మనుషులు అరచేతులతోనే తెలుస్తారు. భువనగిరిలో వడ్రంగి నన్ను తుమ్మకర్రతో చేశాడు. ఈ ఇంటి పిల్లలంతా నా అడ్డకర్ర పట్టుకునే లేచి నిలబడ్డారు. మొదట ఇప్పటి నాన్న, తర్వాత ఆయన కూతురు. ఏడాది నిండీ నిండకముందే నన్ను గల్లీలోకి తోసుకుపోయినవాళ్లే ఇద్దరూ. చిన్నోడి కోసం సజ్జ మీది నుంచి దించి, నానమ్మ నాకు పసుపు రాసింది. వాడు మాత్రం చాలా కాలం నా దాకా రాలేదు.

కండరాల్లో బిగువు తక్కువ. ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోతున్నట్టు ఉండేవాడు. అరచేతికి అడ్డంగా ఒకే గీత, కొసలు పైకి లేచిన కళ్లు చూసి డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. డౌన్ సిండ్రోమ్ అని తేలింది. రెండు ఉండాల్సిన 21వ క్రోమోజోము మూడు ఉంది. ఈ సంగతి 1959లోనే ఫ్రాన్స్‌లో జెరోమ్ లెజ్యూన్ బృందం ప్రకటించింది. మా గల్లీలో ఇంకా గ్రహణం మాటే. "గ్రహణంనాడు బయట తిరిగినవా?" అని ఒకామె అమ్మను అడిగింది. అమ్మ నోరు విప్పకముందే నానమ్మ లేచింది. "నా కోడలు ఏ తప్పు చెయ్యలే. ఇంక ఆ మాట నా వాకిట్ల ఎత్తకు."

ఇలాంటి పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. వీడికీ ఉంది. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయింది. కోలుకున్నాక సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకు తిప్పడం మొదలుపెట్టారు. తెల్లారకముందే రైలు, చంకలో పిల్లాడు, భుజాన ఫైళ్ల సంచి. ఇంటి దగ్గర పరగడుపున థైరాయిడ్ మాత్ర నూరి చెంచాడు నీళ్లలో పట్టేవాళ్లు. అక్క అద్దం ముందు కూర్చోబెట్టుకుని "పా", "బా" అనిపించేది. తన హోంవర్కూ అక్కడే.

వాడు నన్ను పట్టుకోబోయినప్పుడు చిక్కు నాలోనే కనబడింది. పొట్టి వేళ్లకు నా అడ్డకర్ర లావు. పిడికిట్లో ఇమడక జారేది. నాన్న వడ్రంగిని పిలిపించి సన్నగా చిత్రిక పట్టించాడు. పట్టు దొరికింది కానీ, వాడు ఒరిగితే చాలు, నేను ముందుకు ఉరికేదాన్ని. వాడు బోర్లా పడేవాడు. ఫిజియోథెరపీ మేడమ్ బరువు కట్టమంది. నాన్న ఇసుక మూట కట్టాడు. అప్పుడు నా చక్రాలు నెమ్మదించాయి. మడమ లోపలికి ఒరగకుండా బూట్లు తొడిగారు. కుడికాలు వేశాడు, ఆగాడు, నా మీద గడ్డం ఆనించి అక్క వైపు చూసి నవ్వాడు, ఎడమకాలు లాక్కున్నాడు. చొంగ కారి నా కర్ర తడిసింది. ఈ ఇంట్లో నన్ను అంత గట్టిగా పట్టుకున్న చెయ్యి ఇంకోటి లేదు.

ఇలాంటి పిల్లలు చాలామంది రెండేళ్ల అటూ ఇటూ నడుస్తారు, కొందరికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. అమ్మకు తెలుసు. వ్యాయామాలు చేయించి ఆమె ఎన్నడూ అలసిపోలేదు. "ఇంకా నడుస్తలేడా?" అని అడిగిన ప్రతి నోటికీ జవాబు చెప్పీ చెప్పీ అలసింది.

ఇప్పుడు బడి. 40 శాతం, ఆపై వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఇంటి దగ్గరి బడిలో ఉచితంగా చదివే హక్కు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. ఒక బడివాళ్లు తమ వల్ల కాదన్నారు. నాన్న ఆ చట్టం కాగితాలూ, వైకల్యం గుర్తింపు కార్డు యూడీఐడీ పట్టుకుని ఇంకో బడిలో చేర్పించి వచ్చాడు.

మొన్న రైల్లో పరిచయమైన జనగామ తల్లి తన పాప కోసం నన్ను అడిగింది. చిన్నోడు ఇవ్వనన్నాడు. నా మీద ఉల్లిగడ్డల బుట్ట పెట్టుకుని నానమ్మకు వంటింట్లోకి చేర్చేది వాడేగా. నాన్న నా కొలతలతోనే, సన్నటి అడ్డకర్రతో ఇంకో బండి చేయించాడు. పంపే ముందు అమ్మ ఆమెకు ఫోన్ చేసింది. "చెల్లే, ముందుగాల ఇసుక మూట కట్టు. ఉత్త బండి మాత్రం ఇయ్యకు, ఉరుకుతది."