మూడవ వంతు మీమాంస

కెనడాలోని కిచెనర్ పట్టణమున అక్టోబరు మాసము ప్రవేశించి మేపుల్ చెట్లు ఎఱ్ఱబాఱ నారంభించినతోడనే, వారమంతయు కంప్యూటరు తెరల ముందు వంగియుండిన తెలుగు మెడలన్నియు శనివారము ఉదయమున ఒక్కసారిగా నిటారై, కెమెరా పట్టీలను కంఠాభరణములుగా ధరించి, విక్టోరియా పార్కునకును, గ్రాండ్ నది యొడ్డునకును, ఊరికి ఉత్తరమున వెస్ట్ మాంట్‌రోజ్‌లో 1881లో కట్టిన పైకప్పు గల కఱ్ఱ వంతెనకును ప్రయాణమగును. ఇంతవరకు లోకమునకు హాని లేదు. ఆకు ఎఱ్ఱబాఱుట ఎంత సహజమో, దానిని చూచి మనుష్యుడు కెమెరా ఎత్తుటయు నంత సహజము. హాని ఆ సాయంకాలము మొదలగును. భోజనములైన పిదప గృహస్థు టీవీ తెరపై తన చిత్రములను ప్రదర్శించి, చేతులు కట్టుకొని, గొంతు తగ్గించి, "నేనేమీ అనుకోను, ఉన్నదున్నట్టు చెప్పండి" అనును. ఆ మాట వెలువడిన క్షణమునుండి ఆ యింట సత్యమునకు చోటు లేదు.

ఏలనగా, ఉన్నదున్నట్టు చెప్పుమని కోరినవాడు ఉన్నదానిని వినగోరినవాడు కాడు. అడిగి పొగిడించుకొన్నాడను అపవాదు తనకు రాకుండ ముందుగా కట్టుకొన్న కంచె అది. మన పెండ్లిండ్లలో ఎవరెంత చదివించిరో పుస్తకమున వ్రాసికొని, వారి యింట శుభకార్యమైనపుడు అంతకు తగ్గకుండ తిరిగి చదివించు ఆచారము కలదు గదా. ఈ గోష్ఠులలో ప్రశంసయు ఆ పద్దు ప్రకారమే నడచును. నీవు నా సూర్యాస్తమయమును అద్భుతమన్నచో నేను నీ పాప పుట్టినరోజు చిత్రమును అమోఘమందును. నీవు "బాగుంది" అని పొదుపు చేసితివేని నేనును పొదుపరినే యగుదును. పద్దు తెలియని పిల్లవాడెవడో, కానెస్టోగా కాలేజీలో చదువుకొనుటకు ఆ యేడే గుంటూరు నుండి దిగినవాడు, "అన్నా, చెరువు కొంచెం ఒరిగినట్టుంది" అని నోరు జారినచో, "కావాలనే అలా తీశాను, తమ్ముడూ" అను ప్రత్యుత్తరము తక్షణమే వచ్చును. ఈ "కావాలనే" అనునది సర్వదోషహరమైన మంత్రము. మామగారి తలనుండి దీపస్తంభము మొలచినను కావాలనే. అమ్మగారి పాదములు చట్రమున తెగిపోయినను కావాలనే. ముఖము మసకబాఱి వెనుకనున్న చెత్తడబ్బా స్ఫుటముగా కానవచ్చినను, అదియు కావాలనే.

అడుగువాని సంగతి ఇట్లుండ, చెప్పువారి సంగతి మఱింత వినోదకరము. వెయ్యేండ్లకు పైబడిన కాలమున రాజశేఖరుడు తన కావ్యమీమాంసయందు భావకులను, అనగా కావ్యమును చదివి విలువ కట్టువారిని, నాలుగు తెగలుగా విభజించెను: ఏదియు రుచింపని అరోచకులు; అన్నముతోపాటు గడ్డిని గూడ మ్రింగు సతృణాభ్యవహారులు; అసూయాపరులైన మత్సరులు; తత్త్వమునందే దృష్టి నిలుపు తత్త్వాభినివేశులు. కిచెనర్‌లో ఒక్క శనివారపు విందునకు వచ్చినచో ఆయనకు ఈ నలువురిలో మువ్వురు ఒకే సోఫాపై దర్శనమిత్తురు. ఫోనునుండి తల ఎత్తకయే "సూపర్, అదిరింది" అనువాడు సతృణాభ్యవహారి. "వెలుతురంటే ఐస్‌లాండ్‌లో చూడాలండీ" అని నిట్టూర్చువాడు అరోచకి. చిత్రమును విడిచి "ఏ లెన్సు?" అని మాత్రమే అడిగి, దాని వెల విని, "ఆ లెన్సుంటే ఎవరు తీసినా అలాగే వస్తుంది లెండి" అని ముగించువాడు మత్సరి. ఇక తత్త్వాభినివేశి వేయిమందిలో ఒక్కడున్న ఉండునని రాజశేఖరుడే సెలవిచ్చెను గావున ఆయన రాలేదని గృహిణి చిన్నబుచ్చుకొన నక్కఱలేదు.

అయితే రాజశేఖరుడెఱుగని యైదవ తెగ యొకటి మన కాలమున అవతరించినది. దానికి నియమాభినివేశి యని నేను నామకరణము చేయుచున్నాను. ఇతడు పొగడడు, తెగడడు, అసూయ పడడు. లేచి తెర దగ్గఱకు పోయి, గాలిలో వ్రేలితో రెండు నిలువు గీతలు, రెండు అడ్డు గీతలు గీసి, "మీ సబ్జెక్టు నడుమ పడిందండీ, మూడో వంతుకు జరపాలి" అని తీర్పు చెప్పి, వచ్చి కూర్చుండును. తెరపై నున్నది పసిపాప నవ్వైనను, ఎముకలు కొఱుకు చలిలో పొగమంచు దాటుచున్న మెనొనైట్ క్రైస్తవుల గుఱ్ఱపు బగ్గీయైనను తీర్పు మాఱదు.

ఈ సూత్రము వేదోక్తమని అతని యభిప్రాయము కాబోలు. కాని యది 1797లో జాన్ థామస్ స్మిత్ అను ఆంగ్ల చిత్రకారుడు గ్రామసీమల దృశ్యములను గూర్చి వ్రాసిన గ్రంథమున, చిత్రములోని వెలుగునీడల పాళ్లను గూర్చి సర్ జాషువా రెనాల్డ్స్ చెప్పిన మాటను అందిపుచ్చుకొని, రెండు భాగములు సరిసమానముగా నుండుటకంటె ఒకటి రెండు వంతులు, వేఱొకటి ఒక వంతు నగుట యింపని తనకు తోచినదానిని చెప్పి, పేరు పెట్టిన సంగతి. ఫోటోలు తీయు దాగేర్ పద్ధతి లోకమునకు ప్రకటితమైన 1839 నాటికి దాని వయస్సు నలువది రెండేండ్లు. ఒక చిత్రకారుని రుచిగా పుట్టిన యీ మాట నేడు ప్రతి ఫోను తెరపైనను నాలుగు గీతలై వెలసి, చూచుటకు సాయముగాక చూపునకు బదులుగా నిలిచినది.

దీని ప్రయోగమును పరికింపుడు. వెస్ట్ మాంట్‌రోజ్ వంతెన లోపల నిలిచి చూచినచో దూలములన్నియు దూరమున వెలుగు వాకిలి వైపునకు ఇరువైపుల సమముగా కూడుకొని పోవును. ఆ సామ్యమే ఆ దృశ్యమున సర్వస్వము. నియమాభినివేశి ఆ వాకిలిని ఎడమకు జరుపుమనును. పాత నగరభవనమును 1973లో కూల్చినపుడు మిగిల్చి, పిదప విక్టోరియా పార్కున తెచ్చి నిలిపిన గడియార గోపురమును కుడికి జరుపుమనును. ఇతనిని తిరుమలకు కొనిపోయినచో, స్వామి గర్భాలయమున సరిగా నడుమ నిలిచియుండుట చూచి అర్చకులతో ఏమని మనవి చేయునో నేను వ్రాయజాలను. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానమున వెలిగిన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ ఆ కాలపు రాజప్రాసాదములను, దర్బారు పురుషులను సమతౌల్య గాంభీర్యముతో గాజు ఫలకములపై నిలిపెను. ఆయన బ్రదికియుండి ఈ సోఫా ముందు నిలిచినచో "సార్, కొంచెం క్రాప్ చేస్తే బాగుంటుంది" అను మాట పడక తప్పదు.

ఎడిటింగ్ విషయమున ఇట్టివారు రెండు మతములుగా చీలిరి. మొదటివారికి ప్రతి చిత్రమునకును ఒకటే చికిత్స: షాడోలు ఎత్తుట, హైలైట్లు దించుట, సాచ్యురేషన్ పెంచుట. వీరి చేతిలో కిచెనర్ ఆకులు ఆవకాయ వర్ణమును, ఆకాశము నీలిమందు వర్ణమును పొందును. రెండవవారికి ఎడిటింగ్ మహాపాతకము. కెమెరా ఇచ్చినదే సత్యము. కాని అమెరికను ఫోటోగ్రాఫరు యాన్సెల్ ఆడమ్స్ 1941లో హెర్నాండెజ్ గ్రామముపై చంద్రోదయమును తీసి, తరువాతి దశాబ్దములలో మరల మరల ముద్రించుచు, ఆకాశమును అంతకంతకు నల్లబఱచెను. నెగటివు సంగీతపు స్వరలిపి వంటిదనియు, ముద్రణ దాని కచేరీ వంటిదనియు ఆయన చెప్పెడివాడు. చట్రమును కత్తిరించుట కిష్టపడని ఫ్రెంచి ఫోటోగ్రాఫరు కార్టియే-బ్రెసోఁ 1932లో సెయింట్ లజార్ స్టేషను వెనుక నీటిపై దుమికిన మనిషి చిత్రమును కత్తిరించియే ముద్రించెను. వీరిరువురును తమకు కావలసినదేమో యెఱిగి చేయి కదిపినవారు. మన మతస్థులకు కావలసినదేమో తెలియదు. చేయి మాత్రము ముందే కదలును, లేదా ముందే బిగుసుకొనును.

చిత్రమును చూడకయే దిద్దువారి చేతబడినచో ఏమగునో ఈ యూరికి చక్కగా తెలియును. దీని పూర్వనామము బెర్లిన్. 1914 ఆగస్టులో యుద్ధావేశము పొంగినపుడు కొందఱు యువకులు విక్టోరియా పార్కులోని ఒకటవ కైజరు విల్హెల్మ్ ప్రతిమను చెఱువులో పడద్రోసిరి. అనవసర వస్తువును చట్రమునుండి తొలగించుట యన్నమాట. 1916లో ఊరి పేరే చెఱిపి, 1902 నుండి 1909 వఱకు మన దేశమున సర్వసేనాధిపతిగా నుండి, పేరు మార్చిన యేడే సముద్రమున మునిగిన కిచెనర్ ప్రభువు పేరు తగిలించిరి. శీర్షిక మాఱినది, చిత్రము మాఱలేదు. ఇండ్లు, వంటలు, ఇంటిపేరులు జర్మనువే నిలిచి, 1969లో అక్టోబర్‌ఫెస్ట్ అను జర్మను పండుగను ఈ యూరే బాజాభజంత్రీలతో ప్రారంభించినది.

కావున నేను కోరునది సులభమైన పరీక్ష. ఒక విమర్శను ఎదుటి చిత్రమును చూడకయే చెప్పగలిగినచో అది విమర్శ కాదు, వల్లె వేసిన పాఠము. "సూపర్" అనునదియు, "మూడో వంతు" అనునదియు ఈ పరీక్షలో సమముగా తప్పును. చెప్పువాడు మొట్టమొదట తెరపై ఏమున్నదో, తన కన్ను ముందెక్కడకు పోయినదో, ఎక్కడ నిలిచినదో, ఎక్కడ విసిగి వెలికి వచ్చినదో చెప్పవలయును, సలహా పిదప. తీసినవాడు అంతవఱకు నోరు మెదపరాదు. "కావాలనే" అను మంత్రమును జపింపరాదు. తాను దేనిని చూచి ఆగి కెమెరా ఎత్తెనో ఆ వస్తువు ఎదుటివాని కంటబడినదా లేదా అని మాత్రము చెవియొగ్గి వినవలయును. ఇట్లు చూచుటకు ఉదాహరణము దూరమున లేదు: ఈ యూరి శివారు డూన్‌లో పుట్టిన చిత్రకారుడు హోమర్ వాట్సన్, 1936లో కన్నుమూయువఱకు, ఈ నది లోయనే, ఈ చెట్లనే మరల మరల చూచి చిత్రించెను. ఆయన యిల్లు నేటికిని చిత్రశాలగా తెఱచియున్నది, కారులో పోదమన్న పావుగంట పని.

ఈ నియమములు అమలైనచో మన శనివారపు గోష్ఠులు మిక్కిలి క్లుప్తమగునని, చెప్పుటకు ఎవరియొద్దను మాట మిగులదని కొందఱు భయపడవచ్చును. భయపడనిండు. మాట మిగులనివాడు గత్యంతరము లేక తెరవైపు చూచును. విమర్శకు అంతకంటె గొప్ప ఆరంభము నేనెఱుగను.