శీతచక్ర సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

శాస్త్రాలన్నిటిలోకీ సంక్షిప్తమైనది టైరు శాస్త్రం. మూలగ్రంథమంతా టైరు పక్కగోడ మీద, నల్లరబ్బరు మీద నల్లరబ్బరు అక్షరాలతో అచ్చయి ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని మెడ వంచితే గాని కనబడదు. విద్య వినయంతో రావాలని గ్రంథకర్త ఉద్దేశం కాబోలు. కంపెనీ పేరు మాత్రం పెద్దక్షరాలలో ఉంటుంది. లోకం ఆ పేరొక్కటే చదివి డబ్బు కట్టేస్తుంది. అర్థమంతా చిన్నక్షరాలలో ఉండిపోయింది కనుక ఈ టీక అవసరమైంది.

గ్రంథారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పడం సంప్రదాయం.

అధికారి: చదువుకో ఉద్యోగానికో మాంట్రియల్ చేరి, పాత చిన్నకారొకటి కొనుక్కుని, నవంబరు గాలి తగిలేసరికి గుండె జారిన తెలుగువాడు. మూడు సూట్‌కేసులు పెడితే మూడో మనిషికి చోటుండనిది చిన్నకారని లక్షణం.

విషయం: స్నో టైర్లు.

సంబంధం: బండికీ నేలకీ ఉన్నది. ఒక్కో టైరు నేలను తాకే మేర ఇంచుమించు అరచెయ్యంత. టన్ను పైచిలుకు బండి, అందులోని సంసారం, వెనకసీట్లో ఆవకాయ జాడీ, అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదే ఆధారపడి ఉన్నాయి.

ప్రయోజనం: దృష్టమనీ అదృష్టమనీ రెండు విధాలు. క్యూబెక్ ప్రభుత్వం వేసే 200 నుంచి 300 డాలర్ల జరిమానా తప్పడం దృష్టఫలం. ముందు బండి వెనకభాగం తప్పడం అదృష్టఫలం.

ఇక ధర్మశాస్త్రం. క్యూబెక్‌లో ఈ నియమం 2008 డిసెంబరు 15న అమలులోకి వచ్చింది. 2019 నుంచి కాలం మరికాస్త ముందుకు జరిగి, డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు స్నో టైర్లు తప్పనిసరి అయ్యాయి. పొరుగున ఉన్న ఒంటారియోలో ఇటువంటి విధి లేదు. అక్కడ ఇవి వేయించుకున్నవారికి బీమా కంపెనీలు తగ్గింపు ఇవ్వాలని 2016 నుంచి నియమం. ఒకచోట దండోపాయం, ఒకచోట దానోపాయం.

మూలం

పి 175/65 ఆర్ 15 84 టి ఎమ్+ఎస్ (మూడు శిఖరాల కొండబొమ్మ, నడుమ మంచురేకు) డాట్ … 3624

ప్రతిపదార్థం

పి = ప్యాసింజరు బండికి తగినదియు; 175 = నూట డెబ్బది అయిదు మిల్లీమీటర్ల వెడల్పు గలదియు; 65 = ఆ వెడల్పులో నూటికి అరువది అయిదు పాళ్లు పక్కగోడ ఎత్తు గలదియు; ఆర్ = రేడియల్, అనగా లోపలి దారాలు ఒక అంచు నుండి రెండవ అంచునకు అడ్డముగా పరచబడినదియు; 15 = పదునైదు అంగుళాల రిమ్మునకు సరిపడునదియు; 84 = అయిదు వందల కిలోల బరువు మోయగలదియు; టి = గంటకు నూట తొంబది కిలోమీటర్ల వేగమును తాళగలదియు; ఎమ్+ఎస్ = బురదకును మంచుకును పనికివచ్చునని తయారీదారే చెప్పుకొన్నదియు; కొండబొమ్మ = మంచు మీద పరీక్ష నెగ్గినదియు; 3624 = రెండువేల ఇరువది నాలుగవ సంవత్సరము ముప్పది ఆరవ వారమున పుట్టినదియు (అగు టైరు) అని అన్వయం. 'కొనదగినది' అనే క్రియ అధ్యాహార్యం.

175కూ 65కూ నడుమ ఉన్న వాలుగీత వికల్పార్థకం కాదు. 'నూట డెబ్బై అయిదు గాని, లేకుంటే అరవై అయిదు గాని ఇవ్వండి' అని అడిగినవాణ్ని కొట్టువాడు ఎగాదిగా చూస్తాడు. ఎమ్‌కీ ఎస్‌కీ మధ్యనున్న కూడికగుర్తు సముచ్చయార్థకం. 'టి' అన్నది చూసి నూట తొంభై వేగానికి ఉబలాటపడరాదు. అది టైరు శక్తిని చెప్పేదే గాని నడిపేవాడికి విధి కాదు. క్యూబెక్ హైవేల మీద పరిమితి గంటకు 100 కిలోమీటర్లు.

ప్రామాణిక పాఠం, పాఠాంతరం

మన బండికి ఏ కొలత కావాలో డ్రైవరు తలుపు తీస్తే ద్వారబంధం మీద అంటించిన చీటీలో ఉంటుంది. అదే ప్రామాణిక పాఠం. ఒకే కారుకు ఒక రకంలో 175/65 ఆర్ 15, కాస్త షోకైన రకంలో 185/55 ఆర్ 16 అని రెండు పాఠాలు కనబడడమూ కద్దు. రెండిటిలో చలికాలానికి ఏది గ్రాహ్యం?

లెక్క చూద్దాం. 175లో 65 శాతం 113.75 మిల్లీమీటర్లు. పైనొకటి, కిందొకటి, రెండు గోడలు కలిపి 227.5. పదిహేను అంగుళాల రిమ్ము 381. మొత్తం ఎత్తు 608.5. రెండో పాఠాన్నీ ఇలాగే లెక్కిస్తే 609.9. తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు. స్పీడోమీటరు అబద్ధమాడదు. కనుక షోకైన రకం కొన్నవాడు కూడా, బ్రేకులకు రిమ్ము తగలదని మెకానిక్కు చూసి చెప్పిన మీదట, చలికాలానికి సన్నపాటి పాఠాన్నే స్వీకరించవచ్చు. రిమ్ము చిన్నదైతే టైరు ధర దిగుతుంది. సన్నటైరు ముందున్న మంచును తక్కువ నెడుతుంది, కోసుకుని అడుగుకు దిగుతుంది. ఇక్కడ లాఘవమే గుణం.

ఛందస్సు

స్నో టైరు ట్రెడ్డు దిమ్మెలు దిమ్మెలుగా ఉంటుంది. దిమ్మెలన్నీ ఒకే పొడవున ఉంటే ప్రతి దిమ్మె నేలను కొట్టే చప్పుడు ఒకే శ్రుతిలో కలిసి ఊళ వేస్తుంది. అందుకని కొన్ని పొట్టిగా, కొన్ని పొడుగ్గా చేసి కలగలుపుగా పేరుస్తారు. గురులఘువులు కలిసినందువల్ల ఊళ చెదిరి మామూలు రొదగా వినిపిస్తుంది. ఒక్కొక్క దిమ్మె మీద బ్లేడుతో గీసినట్టు సన్నని కోతలు ఉంటాయి. వీటిని సైపులంటారు, జాన్ సైప్ అనే అమెరికా వాడి పేరు మీద వచ్చిన మాట. నేల మీద పడినప్పుడు ఈ కోతలు విచ్చుకుని, అంచులు మంచుగడ్డను పట్టుకుంటాయి. కోతలు లేని దిమ్మెది యతిభంగం.

అలంకారం

విరోధాభాసం. మెత్తనిది గట్టిగా పట్టడం, సన్ననిది నిలకడగా నిలబడడం పైకి విరుద్ధంగా తోస్తాయి. పరిహారం ఇది: మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కింద బిగుసుకోవడం మొదలుపెడుతుంది. మన దగ్గర ఆ అంకె లంబసింగికి పర్యాటకుల్ని తెస్తుంది; మాంట్రియల్‌లో జనవరి సగటే సున్నాకు 9, 10 డిగ్రీలు దిగువ. బిగుసుకున్న రబ్బరు నేల ఎగుడుదిగుడుల్లోకి ఒదగదు, తేలిపోతుంది. స్నో టైరు రబ్బరును చలిలోనూ మెత్తగా ఉండేట్టు కలుపుతారు. ఇక మంచు విషయానికొస్తే, ట్రెడ్డు గాళ్లలో ఇరుక్కున్న మంచు రోడ్డు మీది మంచును పట్టుకుంటుంది. ముల్లును ముల్లుతోనే తియ్యాలన్న న్యాయం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కాబట్టి గాళ్లలో మంచు నిండిందని కంగారుపడి పుల్లతో గోకి తీసేవాడు టైరు పనిని తానే చెడగొడుతున్నాడు.

ఎమ్+ఎస్, కొండబొమ్మ: బలాబల విచారం

రెండు గుర్తులూ మంచును గురించినవే కదా, ఏది ప్రమాణం? ఎమ్+ఎస్ అనేది ట్రెడ్డు గాళ్ల ఆకారాన్ని బట్టి తయారీదారు తానే వేసుకునే బిరుదు. పరీక్ష లేదు. తన బిరుదు తానే రాసుకున్న కవి సభలో చెల్లడు. కొండబొమ్మ అట్లా కాదు. 1999 నుంచి ఉత్తర అమెరికాలో వాడుకలో ఉన్న ఈ గుర్తు పడాలంటే, అణిగిన మంచు మీద పరీక్షలో ప్రమాణపు టైరు కంటే కనీసం నూటికి పది పాళ్లు ఎక్కువ పట్టు చూపాలి. క్యూబెక్ కూడా 2014 డిసెంబరు 15 నుంచి ఎమ్+ఎస్‌ను ఒప్పుకోవడం మానేసి కొండబొమ్మనో, మేకుల టైరునో అడుగుతోంది.

అయితే కొండబొమ్మకూ ఒక పరిమితి ఉంది. ఆ పరీక్ష మంచు మీద బండి ముందుకు లాగే శక్తిని కొలుస్తుంది. ఆగడాన్నీ మలుపు తిరగడాన్నీ గాజులాంటి మంచుగడ్డ మీద పట్టునూ కొలవదు. కనుక కొండబొమ్మ ఉండడం అర్హత మాత్రమే. ఆ పైన తారతమ్యం తేల్చుకోవడానికి బ్రేకు దూరాలు కొలిచి రాసిన సమీక్షలు చదవాలి. కొట్టువాడి స్తోత్రపాఠం ప్రమాణం కాదు.

పూర్వపక్షాలు, సిద్ధాంతం

పూర్వపక్షి: "బండికి ఆల్-సీజన్ టైర్లు ఉండనే ఉన్నాయి. అన్ని రుతువులలో చలికాలం చేరదా?"

సమాధానం: చేరుతుంది, టొరంటోకు దక్షిణాన ఎక్కడో. కొండబొమ్మ లేని ఆల్-సీజన్ టైరు క్యూబెక్‌లో చట్టరీత్యా చెల్లదు. ఆల్-వెదర్ అని మరొక జాతి ఉంది. దానికి కొండబొమ్మ ఉంటుంది, ఏడాది పొడుగునా ఉంచుకోవచ్చు. తక్కువ తిరిగేవాడికి, సరంజామా దాచుకునే చోటులేని అపార్ట్‌మెంటు వాసికి అది ఆపద్ధర్మం. గడ్డకట్టిన రోడ్ల మీద రోజూ తిరిగేవాడికి మాత్రం అసలు స్నో టైరే ముఖ్యకల్పం.

పూర్వపక్షి: "చిన్నకారును ముందు చక్రాలే లాగుతాయి. ముందు రెండిటికీ వేస్తే సగం ఖర్చుతో పోతుంది కదా?"

సమాధానం: పోతుంది, బండి కూడా. బ్రేకు నొక్కినా మలుపు తిప్పినా ముందు చక్రాలు పట్టుకుని ఉంటాయి, వెనకవి జారి ముందుకు రాబోతాయి. బండి గిరుక్కున తిరుగుతుంది. సగం ఖర్చు మిగిలింది అనుకున్నది బాడీ షాపులో వడ్డీతో తీరుతుంది. నాలుగూ ఒకే రకంగా ఉండాలన్నది సిద్ధాంతం.

పూర్వపక్షి: "నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి కొంటే ఈ గొడవే ఉండదు."

సమాధానం: అటువంటి బండి కదలడంలో మేలు చేస్తుంది. ఆగడంలో ఏ బండైనా నాలుగు చక్రాలకూ బ్రేకులు కలదే. కదిలే చిక్కు కంటే ఆగే చిక్కు ప్రాణాలకు సంబంధించినది.

పూర్వపక్షి: "మేకులున్న టైర్లు వేస్తే?"

సమాధానం: దేశకాలాలను బట్టి. క్యూబెక్‌లో అక్టోబరు 15 నుంచి మే 1 వరకు అనుమతి. దక్షిణ ఒంటారియోలో నిషిద్ధం, కాబట్టి సరిహద్దు దాటి టొరంటో బంధువుల ఇంటికి వెళ్లేవాడికి చిక్కు. మేకులు ఎండిన తారును గీకేస్తాయి. జపానులో ఆ దుమ్ము ఊళ్లను కమ్మేయడం వల్లే 1990లో వాటిని కట్టడి చేస్తూ చట్టం తెచ్చారు. రోజూ నున్నని మంచుగడ్డ మీదే నడిపే పల్లెవాసికి తప్ప, ఉప్పు చల్లే నగర వీధుల్లో తిరిగేవాడికి మేకులు అనవసరం.

గ్రంథచరిత్ర

ఈ వాఙ్మయంలో ఆదికావ్యం 1934లో ఫిన్లండ్‌లోని ఒక కంపెనీలో, లారీల కోసం పుట్టింది. 1936లో అదే కంపెనీ చిన్న బండ్ల కోసం హక్కపెలిట్టా అనే పేరుతో టైరు తెచ్చింది. ఇది పదిహేడో శతాబ్దపు ఫిన్నిష్ ఆశ్వికుల పేరు. జపానులో 1988లో వచ్చిన బ్లిజాక్ మరొక ఒరవడి. మంచుగడ్డ మీది సన్నని నీటిపొర వల్లనే జారుడు కదా. దాని రబ్బరులో చిరు బుడగలు ఉండి ఆ పొరను పీల్చుకుంటాయి.

అనుష్ఠాన విధి

ఒకటి: వాడిన టైర్లు కొనేవాడు ముందు పుట్టుక చూడాలి. డాట్ అక్షరాల చివరి నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తరవాతి రెండు సంవత్సరం. ఆ పిమ్మట ట్రెడ్డు లోతు చూడాలి. నాలుగు మిల్లీమీటర్లకు దిగినది మంచు రోడ్డుకు పనికిరాదు.

రెండు: టైర్లను వేరే ఇనుప రిమ్ములకు బిగించి పెట్టుకోవాలి. రిమ్ములకు ఒకసారే ఖర్చు. ఏటా రెండుసార్లు టైరును రిమ్ము నుంచి ఊడదీసే కూలీ తప్పుతుంది. రెండు జతలూ వంతులవారీగా అరుగుతాయి కనుక రెండూ ఎక్కువ కాలం వస్తాయి.

మూడు: పక్కగోడ మీద బాణం గుర్తుంటే తిరిగే దిశ ఆ ప్రకారమే. బిగించిన వంద కిలోమీటర్లకు నట్లు మరోసారి బిగించి చూడాలి.

నాలుగు: గాలి. సుమారు అయిదారు డిగ్రీలు చలి పెరిగేసరికి ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. వెచ్చని గ్యారేజీలో 20 డిగ్రీల దగ్గర 33 కొట్టించుకుని మైనస్ 15లోకి వస్తే 27కు దిగి ఉంటుంది. టైరు పంచరైందని మెకానిక్కుతో పోట్లాడేముందు ఈ సూత్రం స్మరించాలి.

అయిదు: చలికాలం వెళ్లగానే విప్పేయాలి. మెత్తని రబ్బరు వేసవి తారు మీద త్వరగా అరుగుతుంది, బ్రేకు కూడా ఆలస్యంగా పడుతుంది. సోమరితనం వల్ల జూలైలో కూడా స్నో టైర్లతో తిరగడం శాస్త్రవిరుద్ధం.

తాత్పర్యం

చీటీలోని కొలతకు లోబడి, సాధ్యమైనంత సన్నగా, కొండబొమ్మ గలవి, పాతబడనివి, నాలుగూ ఒక్కటైనవి, మధ్యరకం ధరలో కొనవలెనని భావం. ఖరీదైన రెండిటికంటే మామూలు నాలుగు మేలని ఫలితార్థం. సౌకర్యార్థం ఒక ఆటవెలదిలో సంగ్రహిస్తున్నాను.

కొండబొమ్మ లేని కొత్తటైరదియేల
చౌకయైననేమి జారునపుడు
నాల్గు కాళ్లకొక్క నడకయే క్షేమంబు
రెండు మార్చువాడు రింగు తిరుగు

ఫలశ్రుతి

ఈ టీకను నవంబరు ఆఖరి వారంలో చదివినవారికి ఫలం దక్కదు. అప్పటికి గ్యారేజీలన్నీ నిండిపోయి, మన కొలతలు తప్ప అన్ని కొలతలూ దొరుకుతాయి. అక్టోబరులోనే ద్వారబంధం మీది చీటీ ఫొటో తీసుకుని, గ్యారేజీకి ఫోను చేసి తేదీ అడగండి.